పోర్ట్ హెల్మ్ రెండో సగం

లండన్, ఒంటారియో
ఏప్రిల్ 6

దమయంతీ,

ఈ కవరు బరువు చూసి కంగారు పడకు. చావు కబురూ కాదు, పెళ్ళి కార్డులూ కావు. యాభై రెండు ఫోటోకాపీలు. ఫోన్లో చెప్దామంటే నా చెవి మిషన్‌లో అవతలి మనిషి గుహలోంచి మాట్లాడినట్టే ఉంటుంది. నీకేమో వాట్సాప్ అంటే చిరాకు. కాబట్టి కాగితం, కలం.

మా ఆయన ఎలియాజరు పోయిన మొదటి ఏడాది తెలుగు సహవాసం వాళ్ళు వారం వారం వచ్చి ప్రార్థన చేసి వెళ్ళేవారు. మూడేళ్ళయింది, ఇప్పుడు క్రిస్మస్ కేకు పంచేటప్పుడు మాత్రం గుర్తొస్తున్నాను. వాళ్ళని అనడానికేముంది, ఎవరి డ్యూటీలు వాళ్ళవి. ఈ శీతాకాలమంతా నేను లైబ్రరీలోనే గడిపాను. అక్కడ వెచ్చగా ఉంటుంది, పైగా ఎందుకొచ్చావని అడిగేవాళ్ళు లేరు. పాత పేపర్ల మైక్రోఫిల్ము తిప్పుతుంటే దొరికిందే ఇది.

1927లో ఈ చుట్టుపక్కల ఆరు ఊళ్ళ మధ్య జీతాలిచ్చి ఆడించిన ఒక చిన్న బేస్‌బాల్ లీగ్ ఉండేది. పోర్ట్ హెల్మ్ అనే జట్టు ఆ ఏడాది కప్పు గెలిచింది. చిత్రమేమిటంటే, ఫీల్డింగ్‌లో లీగ్ మొత్తానికీ అధమం ఆ జట్టేనని పేపర్లన్నీ రాశాయి. కారణం, వాళ్ళ పేరు మీద 241 ఎర్రర్లున్నాయి. చేతికందిన బంతిని జారవిడిచినా, తప్పుగా విసిరినా స్కోరరు ఒక ఎర్రర్ వేస్తాడని నీకు చెప్పక్కర్లేదు. కానీ బంతి దాకా అసలు పరిగెత్తనే పరిగెత్తనివాడికి ఏ ఎర్రరూ పడదు. నిలబడి చూసినవాడు బుద్ధిమంతుడు, ఉరికి వెళ్ళి జారవిడిచినవాడు పనికిమాలినవాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

అందుకని లెక్క మార్చాను. బ్యాట్‌కి తగిలి మైదానంలోకి వచ్చిన ప్రతి వంద బంతుల్లో పోర్ట్ హెల్మ్ వాళ్ళు ఎన్నిటిని అవుట్ చేశారు, అదే ఆటలో అవతలి జట్టు ఎన్నిటిని చేసింది. అంతే. దీనికి నూట పన్నెండు ఆటల బాక్స్ స్కోర్లు, అంటే ఆట మర్నాడు పేపర్లో వేసే ఆ చిన్న పట్టికలు, ఒక్కొక్క అంకె చూసి ఎత్తి రాయాలి. మొదటి అరవై ఆటలు నేను చేస్తున్నాను. రెండో సగం నీది. మాంట్రియల్ హాస్పిటల్ రికార్డ్స్ రూములో పదకొండేళ్ళు నా పక్క బల్ల నీదే. అంకెలు ఎత్తి రాయడంలో నీ అంత నమ్మకస్తురాలు నాకు ఇంకెక్కడా దొరకలేదు. పైగా సాయంకాలాలు స్టేడియం పై వరసలో స్కోరు కార్డు రాయడం నాకు నేర్పినదానివి నువ్వే.

అక్టోబరు 19న ఇక్కడి చరిత్ర సంఘం వాళ్ళు లైబ్రరీ పై అంతస్తులో మీటింగు పెడుతున్నారు. నన్ను ఇరవై నిమిషాలు మాట్లాడమన్నారు. ఈ దేశంలో నా మాట వినడానికి ఎవరైనా కుర్చీలు వేయడం ఇదే మొదటిసారి. పరువు నీ చేతుల్లో ఉంది.

రూపవతి

---

మాంట్రియల్
ఏప్రిల్ 22

రూపా,

నీ కవరు తెచ్చిచ్చిన పోస్టావిడ మెట్లెక్కి రొప్పుతూ ఫ్రెంచిలో ఏదో గొణిగింది. ఆ తిట్లు నీవే, అక్కడే ఉంచుకో.

చేస్తాను. నువ్వు అడగడమూ నేను కాదనడమూ ఎప్పుడైనా జరిగితే కదా. ఆ రోజుల్లో వర్షం పడి ఆట ఆగిపోయినా కార్డు నింపందే నన్ను కదలనిచ్చేదానివి కావు. ఇప్పుడు ఇక్కడ జట్టూ లేదు, ఆటా లేదు. ఆ స్టేడియం పక్కనించి బస్సు వెళ్ళినప్పుడు తల తిప్పుకుంటాను.

నా సంగతి కొత్తగా ఏమీ లేదు. రామమోహనరావు హైదరాబాదులో కులాసాగా ఉన్నాడట, ఉగాదికి మెసేజ్ పెట్టాడు. పదిహేనేళ్ళుగా వేరుగా ఉంటున్న మొగుడు పండక్కి శుభాకాంక్షలు పంపితే ఏమని జవాబివ్వాలో తెలియక ఊరుకున్నాను. మనిషి గొంతు వినబుద్ధేస్తే బస్సెక్కి చివరి స్టాపు దాకా వెళ్ళి వస్తున్నాను. అందులో స్టాపుల పేర్లు చెప్పే ఆవిడ చాలా మర్యాదస్తురాలు.

నీ మోకాలు ఎలా ఉంది? ఐసు మీద నడిచేటప్పుడు కర్ర పట్టుకుంటున్నావా? పొద్దున ఏం తింటున్నావు? మీ అమ్మాయి ఏనీ బ్రాంప్టన్ నుంచి వచ్చి ఎన్నాళ్ళయింది?

ఇవన్నీ రాయి. పట్టికలతోబాటే రాయి.

దమయంతి

---

లండన్
జూన్ 4

దమయంతీ,

నీ పద్దెనిమిది ఆటలు అందాయి. శభాష్! ఒక్క తప్పు లేదు. అడ్డం కూడినా నిలువు కూడినా సరిపోయాయి. కాకపోతే ఆ రాతేమిటే, ఎలక్షన్‌లో గోడల మీద రాసినట్టు స్కెచ్ పెన్నుతో ఇంతింత లావు అంకెలు! పేజీకి ఒక ఆటే పట్టింది. సన్న పెన్ను కొనుక్కో తల్లీ.

నా అరవై పూర్తయ్యాయి. మొదటి సగంలో పోర్ట్ హెల్మ్ వాళ్ళు వందకి అరవై తొమ్మిది బంతులు అవుట్ చేశారు. వాళ్ళతో ఆడిన జట్లు అరవై ఆరే చేశాయి. చూశావా! అధమం అన్న జట్టు అందరికన్నా పైనుంది. అందరికన్నా ఎక్కువ బంతులు వచ్చే చోట నిలబడే వాళ్ళ షార్ట్‌స్టాప్ డుగన్ అనే అతను. ఆ సీజన్‌లో అతని పేరన 58 ఎర్రర్లు. పేపరువాడు అతన్ని ఓటి చేతులవాడని వెక్కిరించాడు. కప్పు గెలిచిన ఏడాదే, చలికాలం రాకముందే జట్టులోంచి తీసేశారు. తరవాత అతనేమయ్యాడో ఏ పేపర్లోనూ లేదు. వెతికి వెతికి నాకే ఏడుపొచ్చింది.

ఏనీకి ఫోన్లో చెప్తే "మమ్, దీజ్ పీపుల్ ఆర్ ఆల్ డెడ్" అంది. చచ్చినవాళ్ళే నయం, అడిగితే ఏదో ఒక జవాబు దొరుకుతోంది అన్నాను. అలిగి రెండు వారాలుగా ఫోన్ చేయలేదు. చేయకపోతే పోనీ.

మిగతా ముప్పై నాలుగు ఆటలు ఆగస్టు లోపల కావాలి. రెండో సగంలో కూడా ఇదే లెక్క నిలబడితేనే నా మాటకి విలువ. సగం సీజన్‌ది అయితే గాలివాటం అంటారు. త్వరపడు.

రూపవతి

---

మాంట్రియల్
జులై 15

రూపా,

ముప్పై నాలుగూ పంపుతున్నాను. మొత్తం అయిపోయింది.

ఉత్తరం పొట్టిగా ఉందని అనుకోకు. ఇక్కడ ఎండలు మండిపోతున్నాయి, ఏ పనీ సాగడం లేదు. బస్సు కూడా మానేశాను.

నేను అడిగినవాటికి నువ్వు జవాబు రాయలేదు. మోకాలి సంగతి ఏమయింది? ఈ ఎండలకి ఏసీ పెట్టించుకున్నావా?

ఇంకొకటి అడుగుతాను, నవ్వకు. ఈ లెక్క అయిపోయాక ఉత్తరాలు మానేస్తావా?

దమయంతి

---

లండన్
సెప్టెంబరు 10

దమయంతి గారికి,

నమస్కారం. మీరు పంపిన ముప్పై నాలుగు ఆటల పట్టికలు నిన్న పరిశీలించాను. ఇన్నాళ్ళూ చూడకుండా నా లెక్కలో కలిపేసుకోవడం నాదే తెలివితక్కువతనం. మీరు ఎత్తి రాశాక మళ్ళీ చూడాల్సిన అవసరం ఏనాడూ రాలేదు మరి.

ప్రతి ఆటలోనూ రెండు జట్లకూ ఫీల్డర్లు చేసిన అవుట్లు, తొమ్మిది ఇన్నింగ్స్‌కీ మూడేసి చొప్పున, ఇరవై ఏడేసి వేశారు. కూడికలు ముచ్చటగా కుదిరాయి. అయితే సొంత ఊరి జట్టు ముందంజలో ఉంటే తొమ్మిదో ఇన్నింగ్స్‌లో బ్యాటింగ్‌కి దిగదు. అప్పుడు అవతలివాళ్ళు ఎనిమిది ఇన్నింగ్స్‌లే ఫీల్డింగ్ చేస్తారు, ఇరవై నాలుగు అవుట్లే ఉంటాయి. ఇది నాకు చెప్పినదే మీరు. మీ పట్టికల ప్రకారం ముప్పై నాలుగు ఆటల్లో సొంత ఊళ్ళో ఆడిన జట్టు ఒక్కసారైనా గెలవలేదు. లోకంలో ఏ లీగ్‌లోనైనా అలా జరుగుతుందా?

లైబ్రరీకి వెళ్ళి నాలుగు ఆటలు మళ్ళీ తీయించి చూశాను. మీరు రాసిన అంకెలకీ పేపర్లో ఉన్నవాటికీ సంబంధమే లేదు. దమయంతీ, నువ్వు ఇవి చూసి రాశావా? కల్పించావు. కుర్చీలో కూర్చుని నోటికొచ్చిన అంకెలు వేసి నాకు పంపావు.

చేయలేనంటే పోయేది కదా. నేను ఎవరినైనా వెతుక్కునేదాన్ని. పెళ్ళినాటి నుంచీ నా మాటని సీరియస్‌గా తీసుకున్నవాళ్ళు ఇద్దరే. ఒకరు పోయారు. రెండోదానివి నువ్వనుకున్నాను. ఆ గదిలో నిలబడి ఈ అంకెలు చదివి ఉంటే, అక్కడ ఎవరైనా లేచి ఇదే మాట అడిగి ఉంటే నా మొహం ఎక్కడ పెట్టుకోను?

ఇంక శ్రమ తీసుకోవద్దు.

రూపవతి

---

మాంట్రియల్
అక్టోబరు 3

రూపా,

నిజమే. కల్పించాను.

నా ఎడమ కంటి చూపు నిరుడే పోయింది. కుడి కంట్లో మధ్యన మచ్చ పడింది, నెలకో ఇంజెక్షన్ వేస్తున్నారు. ఎదురుగా ఉన్నది కనబడదు, పక్కనున్నది కనబడుతుంది. నీ ఉత్తరం చదవాలంటే భూతద్దం పట్టుకుని కాగితం వైపు కాక కిటికీ వైపు చూడాలి. నీ అక్షరాలు కాస్త పెద్దవి కాబట్టి పేజీకి ఒక పూట పడుతుంది. నీ సెప్టెంబరు ఉత్తరం రెండు రోజులు చదివాను. అలాంటి ఉత్తరం కూడా అంత నెమ్మదిగా చదవాల్సి వచ్చింది చూడు.

మొదటి పద్దెనిమిది ఆటలూ నిజంగానే చేశాను. ఒక్కొక్కటీ రెండు రోజులు. మే ఆఖరుకి ఆ బూజు పట్టిన సన్నంకెలు ఇక కనబడలేదు. ఇరవై నాలుగు సంగతి నేను మర్చిపోతానా! ఎవరు గెలిచారో ఆ గీతే కనబడలేదు. ఎవరు గెలిచారో తెలియకుండా ఇరవై నాలుగు ఏ ఆటలో వేయను? ఇద్దరికీ ఇరవై ఏడేసి ఊరుకున్నాను.

చెప్పి ఉండొచ్చు. చెప్తే నువ్వు ఇంకొకరిని వెతుక్కుంటావు, ఉత్తరాలు వాళ్ళకి రాస్తావు. అదే నువ్వూ రాశావు కదా ఇప్పుడు. నాకు బేస్‌బాల్ మీద ఇప్పుడు ఏ మోజూ లేదు. వారానికి ఒకసారి డబ్బాలో నా పేరుతో కవరు ఉందేమోనని మెట్లు దిగడానికి ఒక కారణం కావాలి. ఆ కారణం కోసం నీ పని పాడుచేశాను. సిగ్గుగా ఉంది.

ఇంజెక్షన్ అయ్యాక "వెంట ఎవరొచ్చారు?" అని నర్సు అడుగుతుంది. ఒంటరిగా పంపరు. కింద కారులో ఉన్నారని చెప్పి బస్సెక్కి వస్తాను. అబద్ధాలాడటం అక్కడే అలవాటయింది.

19న ఆ ముప్పై నాలుగూ తీసేసి మాట్లాడు. నన్ను క్షమించమని అడగను, ఆ మాట రాస్తే ఇంకో పేజీ అవుతుంది.

దమయంతి

---

లండన్
అక్టోబరు 21

దమయంతీ,

నీకు కనబడాలని ఇంతింత అక్షరాలతో రాస్తున్నాను. నిన్ను స్కెచ్ పెన్ను గురించి వెక్కిరించిన నోటిని ఏం చేయాలో తెలియడం లేదు.

మీటింగు అయింది. పదహారు మంది వచ్చారు, అందులో ఇద్దరు కాఫీ కోసం. మొదటి సగం లెక్క చెప్పాను. వందకి మూడు బంతుల తేడా ఉందని, సగం సీజనే కాబట్టి అది అదృష్టం కూడా కావచ్చని చెప్పాను. వెనక వరసలో ఒక ముసలాయన లేచి "సో, వేర్ ఈజ్ ద సెకండ్ హాఫ్?" అని అడిగాడు. రికార్డులు దొరకలేదని చెప్దామని ఇంట్లో అనుకుని వెళ్ళాను. తీరా నోరు తెరిస్తే, లెక్కపెట్టే మనిషికి కళ్ళు కనబడటం లేదు, నేను అడిగి తెలుసుకోలేదు అని వచ్చేసింది. ఆయన "ఐయామ్ సారీ" అని కూర్చున్నాడు. కుర్చీలు మడత పెట్టి అందరూ వెళ్ళిపోయారు. నేను బస్టాపులో నిలబడి ఏడ్చాను.

ఇంటికొచ్చి నీ మొదటి రెండు ఉత్తరాలు తీశాను. నువ్వు నన్ను అడిగిన ప్రశ్నలు ఏడు. నేను ఒక్కదానికీ జవాబు రాయలేదు. నేను నిన్ను మొత్తం ఆర్నెల్లలో అడిగిన ప్రశ్న ఒకే ఒక్కటి. చూసి రాశావా అని. పోర్ట్ హెల్మ్ డుగన్ ఏమయ్యాడోనని ఏడ్చినదాన్ని, మాంట్రియల్‌లో నువ్వేమయ్యావో అడగలేదు.

ఇప్పుడు రాస్తున్నాను. మోకాలు బాగాలేదు, మెట్లు కూర్చుని దిగుతున్నాను. కర్ర ఇంట్లో కూడా కావాలి. పొద్దున బ్రెడ్డు, ఒక్కోసారి అదీ లేదు. ఏనీ ఈస్టర్‌కి వచ్చి వెళ్ళింది. ఏసీ పెట్టించలేదు. మోకాలి సంగతి రెండుసార్లు అడిగావు కాబట్టి ఆరింటికి జవాబులయ్యాయి. ఏడోది, ఉత్తరాలు మానేస్తానా అన్నది, మానను.

నవంబరు 14 గురువారం రైలుకి టికెట్ తీశాను. టొరంటోలో మారాలి. నాలుగు రోజులుంటాను. నీ కళ్ళ డాక్టరు దగ్గరికి కూడా వస్తాను.

నీ రూప

---

మాంట్రియల్
నవంబరు 1

రూపా,

రావద్దు.

కోపంతో కాదు. మూడు రోజులు ఆలోచించి రాస్తున్నాను. పోయినేడు మా చెల్లెలు మీనాక్షి వారం రోజులు ఉండి వెళ్ళింది. ఇల్లంతా కబుర్లు, పోపు వాసనలు. అది వెళ్ళాక నెల రోజులు నా ఇంట్లో నాకే భయమేసింది. అంతకుముందు ఒంటరితనం అలవాటై ఉండేది. అది చెడగొట్టి వెళ్ళింది పాపం, ప్రేమతోనే.

నువ్వు నాలుగు రోజులుంటావు. ఐదో రోజు నాకు ఎలా ఉంటుందో నువ్వు లెక్క వేయలేదు. నీకేం, రైల్లో కిటికీ పక్కన కూర్చుంటావు. నేను తలుపు వేసుకుని లోపలికి రావాలి.

ఉత్తరాలు రాయి. చూపు ఉన్నన్నాళ్ళు చదువుకుంటాను. అది చాలు నాకు.

దమయంతి

---

లండన్
నవంబరు 8

దమయంతీ,

పేజీకి నాలుగు ముక్కలే పడుతున్నాయి. ఈ ఉత్తరం తొమ్మిది పేజీలు. కిటికీ దగ్గర కూర్చుని నిదానంగా చదువుకో.

నువ్వు చెప్పింది నిజం. ఐదో రోజు లెక్క నేను వేయలేదు. నీ తలుపు దగ్గరే కాదు, ఆ రైలు దిగి ఈ ఇంటి తాళం తీసేటప్పుడు నాకు ఎలా ఉంటుందో కూడా వేయలేదు. నిన్న వేసి చూశాను.

స్టేషన్‌కి వెళ్ళి తిరుగు టికెట్ రద్దు చేయించాను. కౌంటర్లో అమ్మాయి "వెన్ ఆర్ యూ కమింగ్ బ్యాక్, మ్యామ్?" అని అడిగింది. తెలియదన్నాను. నిజంగానే తెలియదు. చలికాలం దాటేదాకా అనుకుంటున్నాను. ఆ లోపల నువ్వే గెంటేస్తావేమో, నా చెవులకి నువ్వు అరిచి అరిచి గొంతు పోతుందేమో. ఇద్దరం కొట్టుకుని చస్తామేమో. ఏదైనా ఐదో రోజు తరవాతే కదా.

వచ్చే గురువారం సాయంత్రం దిగుతాను. స్టేషన్‌కి రావద్దు, నీకు కనబడదు, నాకు వినబడదు, ఇద్దరం తప్పిపోతాం. నేనే వచ్చి తలుపు కొడతాను. పొద్దున కాఫీ ఎవరు పెట్టాలో మాత్రం ఇప్పుడే తేల్చుకో, నేను ఆరింటికే లేస్తాను.

రూప